ఒకేసారి అరవై మెషీన్లకు కమాండ్: ఏ మెషీన్లకో తేల్చే భాగం ఎలా రాయాలి

గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు, విజయవాడ గవర్నరుపేటలో బిల్లింగ్ ఆఫీసు, ఆటోనగర్‌లో గోడౌన్ ఉన్న వ్యాపారం ఒకటుందనుకోండి. అన్నిచోట్లా కలిపి 64 లినక్స్ మెషీన్లు. వాటన్నిటికీ ఒకేసారి కమాండ్ పంపే చిన్న టూల్ మీరు పైథాన్‌లో ఇప్పటికే రాసుకున్నారు. అది ఫైల్లో ఉన్న పేర్లు చదివి, ఒక్కోదానికి ఎస్‌ఎస్‌హెచ్ (దూరంగా ఉన్న మెషీన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) తెరిచి, జవాబులు తెచ్చి చూపిస్తుంది. ఇప్పుడు దానికి "గుంటూరు బిల్లు కౌంటర్లు మాత్రమే", "కాటా మెషీన్లు తప్ప అన్నీ", "ముందు ఓ మూడింటి మీద చూద్దాం" అని చెప్పగలిగే సదుపాయం పెట్టాలి.

చూడ్డానికి చిన్న పనే. కానీ ఇలాంటి టూల్‌తో జరిగే పెద్ద నష్టాలు ఎక్కువగా ఇక్కడి నుంచే వస్తాయి. కమాండ్ తప్పు రాస్తే చాలాసార్లు ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. జాబితా తప్పితే సరైన కమాండే వేరే మెషీన్ల మీద చక్కగా నడిచిపోతుంది. మిర్చి సీజన్లో పగటిపూట కాటా మెషీన్ రీబూట్ అయితే టిక్కీల (బస్తాల) లారీలు గేటు బయటే నిలబడిపోతాయి. అందుకే కింది పద్ధతంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: ఒక్క కనెక్షనైనా తెరవకముందే పూర్తి జాబితా తేలాలి, తేలిన జాబితా కంటికి కనబడాలి, ఏ అనుమానం వచ్చినా టూల్ ఆగిపోవాలి.

ఉదాహరణల్లో హోస్ట్‌ల పేర్లు, గ్రూపుల పేర్లు చదవడానికి వీలుగా తెలుగులో ఇస్తున్నాం. మీ ఫైళ్ళలో మాత్రం ఇంగ్లిష్ చిన్న అక్షరాలు, అంకెలు, హైఫన్‌లే వాడండి. హోస్ట్ పేరులో అండర్‌స్కోర్ పెట్టకండి.

1. ఎంపికను వేరే ఫంక్షన్‌గా విడగొట్టండి

ముందుగా ఉన్న కోడ్‌ని రెండు ముక్కలు చేయండి. మొదటి ఫంక్షన్‌కి ఇన్వెంటరీ (అన్ని మెషీన్ల పేర్లు, వాటి గ్రూపులు), ఎంపిక రాత (ఏవి కావాలో), మినహాయింపు రాత (ఏవి వద్దో) ఇస్తే వరసలో పెట్టిన పేర్ల జాబితా తిరిగి రావాలి. రెండోది ఆ జాబితాను తీసుకుని ఎస్‌ఎస్‌హెచ్ పని చేయాలి. మొదటి ఫంక్షన్ నెట్‌వర్క్‌ని తాకకూడదు, స్క్రీన్ మీద ఏమీ రాయకూడదు. అప్పుడే దాన్ని ఏ సర్వరూ లేకుండా పరీక్షించగలరు. ట్రయల్‌గా చూపించే జాబితా, నిజంగా నడిచే జాబితా ఒకటేనని నమ్మకం కూడా అప్పుడే ఉంటుంది. రెండూ వేర్వేరు దారుల్లో తయారయ్యే టూల్‌లో ట్రయల్‌కి విలువ లేదు.

మెషీన్ బతికి ఉందో లేదో పింగ్ చేసి, లేనివాటిని ఎంపికలోనే తీసేసే ఆలోచన చాలామందికి వస్తుంది. పెట్టకండి. మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి నాలుగు మెషీన్లు ఆగి ఉంటే, అవి జాబితాలోంచి చప్పుడు లేకుండా మాయమైపోతాయి. వాటికి అప్‌డేట్ అందలేదన్న సంగతి ఎవరికీ తెలియదు. జాబితాలో ఉంచండి, "అందలేదు" అని చూపించండి.

2. ఇన్వెంటరీ ఫైల్

ఒక్కో వరసలో పేరు, ఆ తర్వాత అది ఏయే గ్రూపులకు చెందుతుందో. ఇంతకంటే క్లిష్టమైన పద్ధతి మొదట్లో అక్కర్లేదు.

గుం-కాటా-[01-12] గుంటూరు కాటా
గుం-బిల్లు-[01-20] గుంటూరు బిల్లు
బెజ-బిల్లు-[01-24] విజయవాడ బిల్లు
బెజ-గోడౌన్-[01-08] విజయవాడ గోడౌన్

అంటే గుంటూరు 32, విజయవాడ 32, బిల్లు 44. ఈ లెక్కలు గుర్తుంచుకోండి, పరీక్షలకు కావాలి.

గ్రూపులో గ్రూపు ఉండే సదుపాయం పెడితే చక్రం పడకుండా చూసుకోవాలి. ఒక గ్రూపు రెండోదాన్ని, రెండోది మళ్ళీ మొదటిదాన్ని పిలిస్తే పైథాన్ వెయ్యి అంచెల లోతుకి దిగి, అర్థం కాని ఎర్రర్‌తో పడిపోతుంది. విప్పుతున్న గ్రూపుల పేర్లను ఒక జాబితాలో ఉంచుకుంటూ రండి. మళ్ళీ అదే పేరు ఎదురైతే దారి మొత్తం చూపించి ఆగండి.

గ్రూపులను వేరే ప్రోగ్రామ్ నుంచో డేటాబేస్ నుంచో తెచ్చుకుంటుంటే, ఆ ప్రోగ్రామ్ ఎగ్జిట్ కోడ్ సున్నా (అంటే పని సరిగ్గా ముగిసింది) అయితేనే జవాబు వాడండి. మధ్యలో తెగిన జవాబు కూడా చూడ్డానికి సరైన జాబితాలాగే ఉంటుంది.

3. చదివిన ప్రతి వరసనూ శుభ్రం చేయండి

జాబితాలు సాధారణంగా వాట్సాప్‌లోంచో ఎక్సెల్‌లోంచో వస్తాయి. సగం ఇబ్బందులు అక్కడే మొదలవుతాయి.

విండోస్ నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసిన ఫైల్లో ప్రతి వరస చివరా క్యారేజ్ రిటర్న్ అనే కనిపించని గుర్తు ఉంటుంది. దాన్ని తీయకపోతే పేరు సరిగ్గా కనిపిస్తూనే "హోస్ట్ దొరకలేదు" అని వస్తుంది. ఫైల్ మొదట్లో బీఓఎం అనే కనిపించని ఎన్‌కోడింగ్ గుర్తు ఉంటే మొదటి హోస్ట్ ఒక్కటే ఫెయిలవుతుంది. ఫైల్‌ని యూటీఎఫ్-8-సిగ్ ఎన్‌కోడింగ్‌తో తెరిస్తే ఆ గుర్తు పోతుంది. పైథాన్ స్ట్రిప్ ఫంక్షన్ క్యారేజ్ రిటర్న్‌నీ, నాన్-బ్రేకింగ్ స్పేస్‌నీ తీసేస్తుంది కానీ జీరో-విడ్త్ స్పేస్‌ని తీయదు. అది యూనికోడ్ లెక్కలో ఖాళీ కిందకి రాదు. వర్డ్‌లోంచి కాపీ చేస్తే హైఫన్ బదులు పొడుగు డాష్ వచ్చి ఉండొచ్చు. ఎక్సెల్‌లో ఒక గడిలో 01-12 అని కొడితే అది తేదీ అయిపోతుంది. ఆ నిలువు గడులను ముందే టెక్స్ట్‌గా మార్చమని ఫైల్ ఇచ్చేవాళ్ళకు చెప్పండి.

వీటిని ఒక్కొక్కటిగా వెంటాడటం కన్నా, విప్పిన ప్రతి పేరునూ ఒకే నియమంతో తనిఖీ చేయడం నయం: ఇంగ్లిష్ చిన్న అక్షరం, అంకె, చుక్క, హైఫన్ తప్ప ఇంకేదున్నా తిరస్కరించాలి. మొదటి అక్షరం హైఫన్ కాకూడదు. చుక్కకీ చుక్కకీ మధ్య ముక్క 63 అక్షరాలు, మొత్తం పేరు 253 అక్షరాలు దాటకూడదు. తప్పు కనబడితే వరస నంబరు, తప్పు అక్షరం యూనికోడ్ సంఖ్య చూపించండి. కంటికి కనిపించని అక్షరాన్ని అలాగే ప్రింట్ చేస్తే ఎవరికీ ఉపయోగం లేదు.

మొదటి అక్షరం హైఫన్ కాకూడదన్న నియమం భద్రత కోసం కూడా. హైఫన్‌తో మొదలయ్యే పేరుని ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్‌గా కాకుండా ఆప్షన్‌గా చదువుతుంది. అలాంటి ఆప్షన్‌తో మీ సొంత మెషీన్ మీదే కమాండ్ నడిపించవచ్చు. 2017లో కోడ్ మార్పులను భద్రపరిచే టూల్స్ గిట్, మెర్క్యూరియల్, సబ్‌వర్షన్ మూడింటిలోనూ ఈ తరహా లోపమే బయటపడి సరిదిద్దారు. తనిఖీ పెట్టాక కూడా ఎస్‌ఎస్‌హెచ్‌ని పిలిచేటప్పుడు పేరుకి ముందు రెండు హైఫన్‌లు విడిగా ఇవ్వండి. అక్కడితో ఆప్షన్‌లు అయిపోయాయని దానికి అర్థమవుతుంది.

4. చదరపు బ్రాకెట్లలో వరస సంఖ్యలు

గుం-కాటా-[01-03,07] అంటే నాలుగు మెషీన్లు. ఈ రాత కొత్తది కాదు. అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్ నుంచి వచ్చిన పీడీఎస్‌హెచ్, ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ సీఈఏ నుంచి వచ్చిన క్లస్టర్‌షెల్, ఒకేసారి చాలా మెషీన్లకు కమాండ్ పంపే ఈ రెండు టూల్సూ దీన్నే వాడతాయి. మీ టూల్ పైథాన్‌లో ఉంటే క్లస్టర్‌షెల్‌లోని నోడ్‌సెట్ క్లాస్‌ని నేరుగా వాడుకోవచ్చు. మా సలహా కూడా అదే. బయటి లైబ్రరీ వద్దనుకుంటే సొంతంగా రాయడం కష్టమేమీ కాదు, ఈ జాగ్రత్తలు ఉంటే చాలు.

ముందున్న సున్నాలు పోకూడదు. 01ని సంఖ్యగా మారిస్తే 1 అవుతుంది, గుం-కాటా-1 అనే మెషీనే లేదు. మొదటి సంఖ్యలో ఎన్ని అంకెలున్నాయో చూసి, ముందు సున్నా ఉంటే ఆ వెడల్పుకి సున్నాలు నింపండి. [98-102] లాంటివాటిలో ముందు సున్నా లేదు కనుక నింపే పనిలేదు. [1-03] అని వెడల్పులు కలవకుండా రాస్తే ఊహించకండి, తప్పని చెప్పండి. [12-01] అని తిరగేసి రాసినా అంతే.

అంకెల తనిఖీలో తెలుగువాళ్ళు గమనించాల్సిన విషయం ఒకటుంది. పైథాన్‌లో సంఖ్యగా మార్చే ఫంక్షన్ తెలుగు అంకెలను కూడా ఒప్పుకుంటుంది. ౧౨ అని ఇచ్చినా 12 అంటుంది. కీబోర్డు తెలుగులో ఉండగా కొట్టిన రేంజ్ ఈ దారిలో తనిఖీ దాటిపోతుంది. కనుక మార్చే ముందు ఆ ముక్క ఆస్కీయేనా (మామూలు ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, గుర్తులేనా) అని చూడండి. పైథాన్ 3.7 నుంచి దానికి ప్రత్యేకంగా ఒక మెథడ్ ఉంది.

రేంజ్‌కి పైహద్దు పెట్టండి. [1-1000] అనబోయి మూడు సున్నాలు ఎక్కువ కొడితే పది లక్షల పేర్లు తయారై మెమరీ, సమయం దండగవుతాయి. బ్రాకెట్లు రెండుంటే రెండు లెక్కలూ గుణించుకుంటాయి. పేర్లు తయారు చేయకముందే గుణించి చూసి, పది వేలు దాటితే ఆపేయండి. 64 మెషీన్లున్న చోట అది చాలా ఎక్కువ.

ఇక ఎంపిక రాతను కామాల దగ్గర ముక్కలు చేసేటప్పుడు మామూలు స్ప్లిట్ ఫంక్షన్ వాడకండి. గుం-కాటా-[01-03,07],బెజ-గోడౌన్-02 అనే రాతని అది బ్రాకెట్ లోపల కూడా కోసేస్తుంది. ఒక్కో అక్షరమే చదువుతూ, బ్రాకెట్ తెరుచుకుంటే లెక్క ఒకటి పెంచి, మూసుకుంటే తగ్గించి, లెక్క సున్నా ఉన్నప్పుడు వచ్చిన కామానే వేరు చేసే గుర్తుగా తీసుకోండి. చివరికి లెక్క సున్నాకి రాకపోతే బ్రాకెట్ మూయలేదన్నమాట.

5. పేరు, నమూనా, గ్రూపు

ఒక్కో ముక్క మూడు రకాల్లో ఒకటి. @తో మొదలైతే గ్రూపు. నక్షత్రమో ప్రశ్నార్థకమో ఉంటే నమూనా. లేకపోతే పేరు, లేదా రేంజ్ ఉన్న పేరు.

వరసక్రమం ముఖ్యం: ముందు బ్రాకెట్లు విప్పాలి, ఆ తర్వాతే నమూనా పోల్చాలి. పైథాన్‌లో నమూనాలు పోల్చే ఎఫ్‌ఎన్‌మ్యాచ్ మాడ్యూల్‌కి చదరపు బ్రాకెట్ అంటే "ఈ అక్షరాల్లో ఏదో ఒకటి" అని అర్థం. [01-12]ని దానికిస్తే 0, 1, 2 అనే మూడు అక్షరాల్లో ఒకటిగా తీసుకుంటుంది. ఎర్రర్ రాదు, జాబితా మాత్రం తప్పుతుంది. అక్షరాల పెద్దాచిన్నా తేడాను ఆపరేటింగ్ సిస్టమ్‌ని బట్టి మార్చని రకం ఫంక్షన్ ఆ మాడ్యూల్‌లోనే ఉంది, దాన్ని వాడండి.

నమూనాను ఇన్వెంటరీలోని పేర్లతోనే పోల్చాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ కూడా పెడదామనుకుంటే పేరు మొత్తం సరిపోవాలని అడిగే ఫుల్‌మ్యాచ్ వాడండి. మామూలు మ్యాచ్ మొదటి భాగం కలిస్తే చాలంటుంది. బెజ-బిల్లు-1 అని రాస్తే 10 నుంచి 19 దాకా పది మెషీన్లు వచ్చి పడతాయి.

ఒకే మెషీన్‌కి పొట్టి పేరు, పూర్తి డొమైన్ పేరు, ఐపీ అడ్రసు ఉంటే జాబితాలో మూడుసార్లు దూరగలదు. సర్వీస్ రీస్టార్ట్ లాంటి కమాండ్ ఒకే మెషీన్‌పై ఒకేసారి మూడుసార్లు నడిస్తే ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి. ఇన్వెంటరీలోని పేరే అసలు పేరు. మిగతావి మారుపేర్లుగా రాసుకుని, పోల్చే ముందు అసలు పేరులోకి మార్చండి.

6. కలపడం, కోయడం, తీసేయడం

కామా అంటే కలుపు, & అంటే రెండిట్లోనూ ఉన్నవే, ! అంటే తీసేయి. @గుంటూరు&@బిల్లు అంటే 20 మెషీన్లు. @గుంటూరు!@కాటా అన్నా ఇక్కడ అదే 20.

మీరు తేల్చుకోవాల్సిన అసలు విషయం, ఇవి ఏ వరసలో జరగాలన్నది. ఉన్న టూల్స్ ఇక్కడ రెండు దారులు పట్టాయి. క్లస్టర్‌షెల్ ఎడమ నుంచి కుడికి రాసిన వరసలోనే చేసుకుంటూ పోతుంది. చాలా మెషీన్లను ఒకేచోటి నుంచి నడిపే మరో టూల్ యాన్సిబుల్, రాసిన వరసతో పనిలేకుండా ముందు కలిపేవన్నీ కలిపి, తర్వాత ఉమ్మడివి తేల్చి, చివర్లో తీసేసేవి తీసేస్తుంది.

తేడా ఎక్కడ పడుతుందో చూడండి: @గుంటూరు!@కాటా,గుం-*

ఎడమ నుంచి కుడికి పోతే ముందు 32, కాటా తీస్తే 20, చివర్లో గుం-* కలిపేసరికి మళ్ళీ 32. తీసేసిన కాటా మెషీన్లు వెనక్కి వచ్చేశాయి. యాన్సిబుల్ పద్ధతిలో ఇదే రాతకి 20 వస్తుంది. రాతకి తోకలో ఏదో ఒకటి కలుపుతూ పోవడం మనుషులకి అలవాటు, అలా కలిపినప్పుడు మినహాయింపు రద్దవడం ఎవరూ ఊహించరు. అందుకని ఇలాంటి టూల్‌కి రెండో పద్ధతే మంచిది. తీసేయమన్నది ఎక్కడ రాసినా తీసేసినట్టే ఉండాలి.

ఈ పద్ధతికి ఒక నష్టముంది, దాచకుండా డాక్యుమెంట్‌లో రాయండి. @బిల్లు,@కాటా&@గుంటూరు అన్నప్పుడు "బిల్లు అన్నీ, వాటికి తోడు గుంటూరు కాటా" అనే అర్థం రాదు. ముందు బిల్లు, కాటా కలిసి 56 అవుతాయి, వాటిలో గుంటూరువి 32 మిగులుతాయి. 56 కావాలంటే వేరే ఎంపిక ఆప్షన్‌లో రాయాలి. ఎంపిక ఆప్షన్ ఎన్నిసార్లయినా ఇవ్వనివ్వండి: ఒక్కోదాన్ని విడిగా తేల్చి, ఫలితాలు కలిపి, ఆ మొత్తంలోంచి తీసేయమన్నవి తీయండి. కుండలీకరణాలు పెట్టి పెద్ద వ్యాకరణం రాయడం దండగ. రాత్రి పదకొండింటికి ఫోన్ వచ్చినప్పుడు ఆ రాత సరిగ్గా చదవగలిగేవాళ్ళు తక్కువ.

7. షెల్ ముందే మింగేసే గుర్తులు

రాత మీ టూల్ దాకా చేరకముందే షెల్ (మీరు కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్) దాన్ని చూస్తుంది. కోట్స్ లేకుండా @గుంటూరు&@బిల్లు అని కొడితే & దగ్గర షెల్ రెండు ముక్కలు చేస్తుంది: మొదటి ముక్క బ్యాక్‌గ్రౌండ్‌లో నడుస్తుంది, రెండోది వేరే కమాండ్ అనుకుంటుంది. మీ టూల్‌లో కమాండ్ ముందు, ఎంపిక తర్వాత వచ్చే పద్ధతి ఉంటే, ఆ కమాండ్ 20కి బదులు 32 మెషీన్ల మీద నడిచిపోతుంది. ఎంపిక ముందు, కమాండ్ ఎప్పుడూ చివర అన్న నియమం పెడితే సగం రాత చేరినప్పుడు కమాండ్ కనబడక టూల్ ఆగుతుంది.

! గుర్తుని బ్యాష్ అనే షెల్ పాత కమాండ్ల చరిత్రలో వెతకమన్న సైగగా తీసుకుంటుంది, డబుల్ కోట్స్‌లో ఉన్నా సరే. సింగిల్ కోట్స్‌లో మాత్రమే భద్రం. చదరపు బ్రాకెట్లను బ్యాష్ ఆ ఫోల్డర్‌లోని ఫైళ్ళ పేర్లతో పోలుస్తుంది. కలిసే ఫైల్ లేకపోతే అలాగే వదిలేస్తుంది, ఉంటే మార్చేస్తుంది. అంటే ఒక ఫోల్డర్‌లో పనిచేసిన కమాండ్ ఇంకో ఫోల్డర్‌లో పనిచేయదు. జెడ్‌ఎస్‌హెచ్ అనే ఇంకో షెల్ అయితే కలిసే ఫైల్ లేకపోతే అక్కడే ఎర్రర్ చూపి ఆపేస్తుంది. హెల్ప్‌లో ఇచ్చే ప్రతి ఉదాహరణా సింగిల్ కోట్స్‌లో ఉండాలి, అవసరం లేనిచోట కూడా. చూసినవాళ్ళు అలాగే కాపీ చేసుకుంటారు. ! గుర్తుతో పాటు మినహాయింపుకి విడిగా ఒక ఆప్షన్ కూడా ఇవ్వండి, ఎక్కువమంది వాడేది అదే.

8. ఖాళీ జాబితా, తెలియని పేరు

ఏమీ తేలకపోతే "అన్నీ" అని ఎప్పుడూ అనుకోకూడదు. ఎంపిక ఇవ్వకపోయినా, ఇచ్చి సున్నా వచ్చినా, ఎర్రర్. స్క్రిప్ట్‌లో ఒక వేరియబుల్ ఖాళీగా ఉండిపోతే ఎంపిక ఖాళీ రాతగా చేరుతుంది, అప్పుడు 64 మెషీన్లూ కదిలితే చాలా నష్టం. అన్నీ కావాలంటే @అన్నీ అని రాయాల్సిందే. పీడీఎస్‌హెచ్‌లో ఎంపిక ఇవ్వనప్పుడు ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చెప్పిన ఫైల్లోంచి జాబితా తీసుకునే వీలుంది. సౌకర్యమే, కానీ ఎప్పుడో పెట్టిన వేరియబుల్ ఇవాళ్టి కమాండ్‌కి జాబితా నిర్ణయిస్తుంది. మీ టూల్‌లో పెట్టవద్దు.

ఇన్వెంటరీలో లేని పేరు, లేని గ్రూపు, ఒక్కటీ కలవని నమూనా, అన్నీ ఎర్రర్లే. మినహాయింపులో ఇది మరీ ముఖ్యం. ఎంపికలో @కాటా బదులు @కాట అని కొడితే ఏమీ నడవదు, నష్టం లేదు. మినహాయింపులో అదే తప్పు జరిగితే కాపాడాలనుకున్న మెషీన్లే జాబితాలో ఉండిపోతాయి. చాలా టూల్స్ మినహాయింపులో తెలియని పేరుని చూసీచూడనట్టు వదిలేస్తాయి. మీది వదలకూడదు. పేరు ఇన్వెంటరీలో ఉండి ప్రస్తుత ఎంపికలో లేకపోతే మాత్రం అది తప్పు కాదు, హెచ్చరిక కూడా అక్కర్లేదు.

9. చూపించండి, అడగండి

నడపకుండా జాబితా మాత్రమే చూపే ఆప్షన్ తప్పనిసరి. యాన్సిబుల్‌లో అలాంటిది ఉంది, క్లస్టర్‌షెల్‌లో నోడ్‌సెట్ కమాండ్ ఆ పని చేస్తుంది. మీరు రెండు రూపాలూ ఇవ్వండి: మనిషి చదవడానికి గుం-బిల్లు-[01-20] అని మడిచినది, వేరే ప్రోగ్రామ్‌కి ఇవ్వడానికి వరసకొకటి చొప్పున విప్పినది. వరస పెట్టేటప్పుడు అంకెలను సంఖ్యలుగా పోల్చండి, లేకపోతే సున్నాలు లేని పేర్లలో 10 తర్వాత 2 వస్తుంది.

నిజంగా నడిపేటప్పుడు 20 కంటే ఎక్కువ మెషీన్లుంటే అనుమతి అడగండి. అవును, కాదు అని అడిగితే వేలు దానంతటదే అవును కొట్టేస్తుంది. "32 మెషీన్లు. కొనసాగించాలంటే ఆ సంఖ్య టైపు చేయండి" అని అడిగితే మనిషి సంఖ్యని చదవక తప్పదు, 20 ఉండాల్సింది 32 ఎందుకుందని అక్కడే ఆగుతాడు.

కాటా మెషీన్లలాంటి సున్నితమైన వాటికి ఇన్వెంటరీలో "జాగ్రత్త" అనే గ్రూపు ఇచ్చి, ప్రత్యేక ఆప్షన్ లేకుండా వాటిని ముట్టుకోకుండా చేయవచ్చు. కానీ వదిలేసిన ప్రతిసారీ "12 మెషీన్లు జాగ్రత్త గ్రూపులో ఉన్నాయి, వదిలేశాం" అని తప్పక చెప్పాలి. చెప్పకపోతే వాటికి నెలల తరబడి సెక్యూరిటీ అప్‌డేట్లు అందవు, అందడం లేదని ఎవరికీ తెలియదు.

10. ముందు కొన్ని, తర్వాత మిగతావి

యాదృచ్ఛికంగా మూడు ఎంచే ఆప్షన్ చాలా పనికొస్తుంది. క్లస్టర్‌షెల్‌లో కమాండ్లు పంపే క్లష్‌లో కూడా ఉంది. జాబితాలో మొదటి మూడూ తీసుకుంటే ప్రతిసారీ 01, 02, 03 మీదే ప్రయోగాలు జరుగుతాయి, అవి క్రమంగా మిగతావాటికంటే భిన్నంగా తయారవుతాయి.

పైథాన్‌లో సెట్ నుంచి నేరుగా శాంపిల్ తీయడం 3.11 నుంచి కుదరదు, ఎర్రర్ వస్తుంది. పాత వెర్షన్లలో కుదిరినా, అక్షరాలతో ఉన్న సెట్ వరస ప్రతి రన్‌లోనూ మారుతుంది కనుక సీడ్ (యాదృచ్ఛిక ఎంపికను మళ్ళీ అలాగే రప్పించే సంఖ్య) ఇచ్చినా ఫలితం మళ్ళీ అదే రాదు. ముందు వరస పెట్టి జాబితాగా మార్చి, ఆపైన శాంపిల్ తీయండి. వాడిన సీడ్‌ని ప్రింట్ చేయండి. అదే సీడ్ ఇస్తే అవే మూడు రావాలి.

శాంపిల్ అన్నిటికన్నా చివరి మెట్టు, మినహాయింపుల తర్వాతే. ముందు మూడు ఎంచి తర్వాత తీసేస్తే ఒకటో, సున్నానో మిగలవచ్చు.

11. ఎన్ని ఒకేసారి

ఎంపిక పెరిగితే ఒకేసారి తెరిచే కనెక్షన్లూ పెరుగుతాయి. పీడీఎస్‌హెచ్ డిఫాల్ట్ 32, క్లష్‌ది 64, యాన్సిబుల్‌ది 5. మీ మెషీన్లన్నీ ఒకే గేట్‌వే సర్వర్ (అన్ని కనెక్షన్లూ దాటాల్సిన మెషీన్) వెనక ఉంటే ఒక చిక్కుంది. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ మ్యాక్స్‌స్టార్టప్స్ డిఫాల్ట్ 10:30:100. లాగిన్ పూర్తికాని కనెక్షన్లు 10కి చేరాయంటే కొత్తగా వచ్చేవాటిలో నూటికి 30 వంతున తిరస్కరించడం మొదలుపెడుతుంది, అది పెరుగుతూ 100 దగ్గరికి వచ్చేసరికి అన్నిటినీ తిరస్కరిస్తుంది. లక్షణం ఇలా ఉంటుంది: ప్రతి రన్‌లోనూ కొన్ని హోస్ట్‌లు ఫెయిలవుతాయి, కానీ ఏ రన్‌లో ఏవన్నది మారిపోతుంటుంది. ఎంపిక కోడ్‌లో తప్పుందని వెతుకుతూ కూర్చోకండి. సమాంతర సంఖ్యను 8కి తగ్గించండి, లేదా గేట్‌వేలో ఆ హద్దు పెంచండి.

ఎస్‌ఎస్‌హెచ్‌ని బ్యాచ్‌మోడ్‌లో, కనెక్ట్ టైమౌట్ 5 సెకన్లతో పిలవండి. పాస్‌వర్డ్ అడుగుతూ ఆగిపోదు, ఆగి ఉన్న మెషీన్ కోసం ఎక్కువసేపు చూడదు. స్టాండర్డ్ ఇన్‌పుట్‌ని మూసేయండి. షెల్ స్క్రిప్ట్‌లో జాబితాని వరసవరసా చదువుతూ ఎస్‌ఎస్‌హెచ్ పిలిస్తే, మొదటి ఎస్‌ఎస్‌హెచ్ మిగతా జాబితానంతా తన ఇన్‌పుట్‌గా లాగేసుకుంటుంది. 64లో ఒక్క మెషీన్ మీదే నడిచి, ఏ ఎర్రరూ లేకుండా లూప్ ముగిస్తే కారణం సాధారణంగా ఇదే.

12. ఫెయిలైనవాటినే మళ్ళీ ఎంచుకోవడం

ప్రతి రన్ చివరా మూడు జాబితాలు రాయండి: అందనివి, కమాండ్ ఫెయిలైనవి, టైమౌట్ అయినవి. వాటిని గ్రూపుల్లాగే @అందనివి అని పిలవగలగాలి. కరెంటు వచ్చాక ఆ నాలుగు మెషీన్లకే మళ్ళీ పంపవచ్చు.

కనెక్షన్ దగ్గరే చెడితే ఎస్‌ఎస్‌హెచ్ 255 ఇస్తుంది, లేకపోతే అవతలి కమాండ్ ఇచ్చిన కోడ్‌నే తిప్పి ఇస్తుంది. అవతలి కమాండే 255 ఇస్తే తేడా తెలియదు, కనుక ఎర్రర్ మెసేజ్‌ని కూడా జాబితా పక్కన ఉంచండి. టైమౌట్ అయినవాటిని మాత్రం విడిగానే ఉంచాలి. మన వైపు ఎస్‌ఎస్‌హెచ్‌ని చంపేసినా అవతల కమాండ్ ఇంకా నడుస్తూ ఉండవచ్చు. రెండోసారి నడిపితే ఇబ్బంది లేని కమాండ్ అయితేనే వాటికి మళ్ళీ పంపండి.

ఈ ఫైళ్ళను వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక పాతదాని స్థానంలోకి మార్చండి. రాస్తుండగా మధ్యలో ఆపేస్తే సగం జాబితా మిగలకూడదు.

13. పరీక్షలు, ఆ తర్వాత క్రాన్

ఎంపిక ఫంక్షన్‌కి నెట్‌వర్క్ అక్కర్లేదు కనుక పరీక్షలు సెకనులో అయిపోతాయి. పైన ఇచ్చిన ఇన్వెంటరీతో కనీసం ఇవి రాయండి:

@అన్నీ → 64
@గుంటూరు,@గోడౌన్ → 40
@గుంటూరు!@కాటా,గుం-* → 20
గుం-కాటా-[01-03,07] → 4
గుం-కాటా-[1-3] → ఎర్రర్, అలాంటి పేర్లు లేవు
గుం-కాటా-[౦౧-౦౩] → ఎర్రర్, ఆస్కీ అంకెలు కావు
@గుంటూరు!@కాట → ఎర్రర్, అలాంటి గ్రూపు లేదు
@కాటా&@విజయవాడ → ఎర్రర్, ఏమీ మిగల్లేదు
ఖాళీ రాత → ఎర్రర్

నిర్ణీత వేళకు కమాండ్‌ని దానంతటదే నడిపే క్రాన్‌లో నడిపేటప్పుడు సంఖ్య టైపు చేసే మనిషి ఉండడు. అక్కడ అనుమతిని పూర్తిగా దాటేసే ఆప్షన్ ఇవ్వడం కన్నా "ఎన్ని ఉండాలి" అనే ఆప్షన్ ఇవ్వండి. గుంటూరు బిల్లు కౌంటర్ల రాత్రి బ్యాకప్‌కి 20 అని రాసి ఉంచితే, ఎవరో ఇన్వెంటరీలో కొత్త కౌంటర్ చేర్చిన రాత్రి 21 తేలుతుంది, టూల్ ఆగి మెయిల్ వస్తుంది. అప్పుడు చూసి సంఖ్యను 21 చేయండి. ఎంపిక రాత, తేలిన పేర్లు, వాడిన సీడ్, నడిపిన యూజర్, సమయం ప్రతి రన్‌కీ లాగ్‌లో ఉండాలి. ఇన్వెంటరీ మారుతూ ఉంటుంది కనుక రాత ఒక్కటే దాచుకుంటే నెల తర్వాత అది ఏ మెషీన్లను తాకిందో చెప్పలేరు. విప్పిన పేర్లు పూర్తిగా రాయండి.